ఎక్స్‌రే బాగానే ఉందన్నారు, నాలుగో రోజుకు ఆయాసం: ఛాతీ దెబ్బల గురించి తెలిసినవారు చెప్పగలరు

పెందుర్తి అమ్మాయి
సోమవారం, రాత్రి 7:40

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 66 ఏళ్లు. పోయిన గురువారం సాయంత్రం ఆనందపురం రోడ్డులో ఇసుక మీద స్కూటరు జారి పడ్డారు. పడడంలో హ్యాండిల్ కొస ఆయన ఎడమ డొక్క మీద బలంగా తగిలింది. హెల్మెట్ పెట్టుకున్నారు కాబట్టి తలకు ఏమీ కాలేదు. స్పృహ తప్పలేదు. ఆయనే లేచి, బండిని పక్కకు తీసి, మాకు ఫోన్ చేశారు. దగ్గరలోని ఒక చిన్న ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, ఎముకలు బాగానే ఉన్నాయి, కండరం పట్టేసిందని చెప్పారు. నొప్పి మాత్రలు ఇచ్చి, ఛాతీ చుట్టూ వెడల్పాటి సాగే బెల్టు బిగించి పంపించారు.

ఆ తరువాత నాలుగు రాత్రులు ఆయన కుర్చీలోనే కునికారు. దగ్గు వస్తే దిండును డొక్కకు అదుముకుని, పళ్లు బిగించి ఆపుకొనేవారు. అది మంచిదనే మేమూ అనుకున్నాము. ఈ తెల్లవారుజామున కాఫీ ఇస్తూ మాట్లాడుతుంటే, ఒక్క వాక్యం పూర్తి చేయడానికి ఆయన రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకోవడం నా చెవిన పడింది. వెంటనే నగరంలోకి తీసుకొచ్చాము. వేలికి పెట్టిన క్లిప్పులో ఆక్సిజన్ 88 చూపించింది. సీటీ తీస్తే ఎడమ వైపు 5 నుంచి 8 వరకు నాలుగు పక్కటెముకలు విరిగాయనీ, ఊపిరితిత్తి కమిలిందనీ, ఊపిరితిత్తికీ ఛాతీ గోడకూ మధ్య రక్తం చేరిందనీ చెప్పారు. ఆక్సిజన్ పెట్టాక 95కు వచ్చింది. ఆ రక్తం తీయడానికి ఈ రాత్రికే ఛాతీలోకి గొట్టం వేస్తామని సంతకం అడుగుతున్నారు.

నాలుగు ఎముకలు విరిగితే మొదటి ఎక్స్‌రేలో ఒక్కటి కూడా ఎలా కనిపించలేదు? ఆ గొట్టం తప్పదా? అది గుండెకు తగిలే ప్రమాదం ఉందా? నాన్నగారు చాలా భయపడుతున్నారు.

ఛాతీ శస్త్రవైద్యుడు
సోమవారం, రాత్రి 7:52

ముందు సంతకం పెట్టండి, అమ్మా. నాలుగు ఎముకలు విరిగి, రక్తం చేరి, ఆక్సిజన్ 88కు పడిపోయిన 66 ఏళ్ల మనిషికి గొట్టం వేయడమే సరైన వైద్యం. ఇప్పుడు ఓపీలో ఉన్నాను. మిగతా ప్రశ్నలకు తీరిక దొరకగానే వివరంగా రాస్తాను.

చీకటి గది
సోమవారం, రాత్రి 8:15

నేను రేడియాలజిస్టును. మీ మొదటి ప్రశ్నకు జవాబు చెప్పవలసింది మా శాఖవారే.

ఛాతీ ఎక్స్‌రే అన్నది ప్రధానంగా ఊపిరితిత్తులను చూడడానికి తీసే బొమ్మ. పక్కటెముక వెన్ను దగ్గర మొదలై డొక్క మీదుగా వంపు తిరిగి ముందుకు వస్తుంది. ఆ వంపు దగ్గర చీలిక ఏర్పడి, విరిగిన కొసలు చోటు కదలకపోతే, ఎదురుగా తీసిన బొమ్మలో ఆ గీత దాదాపు కనబడదు. విరిగిన పక్కటెముకల్లో సగం వరకు మామూలు ఎక్స్‌రేకు దొరకవన్నది మా వృత్తిలో అందరికీ తెలిసిన విషయమే. ఎముక రొమ్ముఎముకతో కలిసేచోట ఉండే మృదులాస్థి విరిగితే అసలు దొరకదు. అందువల్ల ‘ఎక్స్‌రేలో విరిగిన ఎముక కనిపించలేదు’ అనడం నిజమే అయినా, దాన్ని ‘ఎముకలు బాగానే ఉన్నాయి’ అని చెప్పడం పొరపాటు. ఒక ఎముక మీద వేలు పెట్టి నొక్కినప్పుడు రోగి సరిగ్గా అక్కడే ఉలిక్కిపడితే, బొమ్మలో ఏమీ లేకపోయినా అక్కడ ఎముక విరిగిందనే భావించి వైద్యం చేయాలి.

రక్తం సంగతి వేరు. మనిషిని నిలబెట్టి తీసిన బొమ్మలో, కింది మూల మొద్దుబారినట్టు కనిపించాలంటేనే 200 నుంచి 300 మిల్లీలీటర్ల రక్తం చేరి ఉండాలి. పడుకోబెట్టి తీస్తే ఆ రక్తం వీపు వెంబడి పల్చగా పరుచుకుంటుంది. అర లీటరు దాటినా ఒక పక్క ఊపిరితిత్తి కొంచెం మసకగా ఉన్నట్టు తప్ప మరేమీ తెలియదు. ఊపిరితిత్తి బయట గాలి చేరినా అంతే. పడుకున్న మనిషిలో గాలి ముందు వైపుకు, కిందికి చేరుతుంది కాబట్టి, మనం అలవాటుగా వెతికే పై కొసలో కనబడదు. ఛాతీనీ పొట్టనూ వేరుచేసే కండరపు పొర అయిన డయాఫ్రమ్ పక్కన ఉండే మూల మామూలు కంటే లోతుగా, నల్లగా దిగిందా అని ప్రత్యేకంగా చూస్తేనే పట్టుబడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మరొకటుంది. మీ నాన్నగారి ఛాతీ గురువారం నాడు ఈ రోజు ఉన్నట్టు ఉండి ఉండకపోవచ్చు. ఊపిరితిత్తి కమిలినప్పుడు వాపు, నీరు చేరడం పూర్తిగా బయటపడడానికి 24 నుంచి 48 గంటలు పడుతుంది. విరిగిన కొస ఊపిరి తీసిన ప్రతిసారీ కదులుతూ, మూడో రోజునో నాలుగో రోజునో చిన్న రక్తనాళాన్ని గీరి, అప్పుడు రక్తం చేరడం కూడా మేము చూస్తుంటాము. కాబట్టి ఆ రోజు బొమ్మ చూసినవారిని నేను పూర్తిగా తప్పుపట్టలేను. అయితే రెండు రోజుల తరువాత మళ్లీ రమ్మని చెప్పకపోవడాన్ని మాత్రం తప్పుపడతాను.

ప్రతి దెబ్బకూ సీటీ తీయాలని నేను అనను. కానీ మొదటి రెండు పక్కటెముకల్లో ఒకటి విరిగినా, ఛాతీ మధ్య భాగపు నీడ 8 సెంటీమీటర్ల కంటే వెడల్పుగా కనిపించినా, గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళమైన బృహద్ధమనికి గాయమైందేమోనని అనుమానించి తీయాల్సిందే. 9 నుంచి 12 వరకు ఉన్న ఎముకలు విరిగితే ఎడమ వైపు ప్లీహాన్నీ, కుడి వైపు కాలేయాన్నీ తప్పక చూడాలి. మనం ఛాతీ అనుకునే చోటు చాలావరకు పొట్టే.

క్యాజువాల్టీ డ్యూటీ
సోమవారం, రాత్రి 9:05

పై సమాధానంలో ఉన్నదంతా సమయం ఉన్న రోగుల సంగతి. బొమ్మ తీసే వ్యవధి కూడా లేని ఛాతీ గాయాల గురించి నేను రాస్తాను. ఇక్కడ చదువుతున్నవారిలో హౌస్ సర్జన్లు కూడా ఉన్నారని తెలుసు.

చాలా ఏళ్ల కిందట, నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు, లారీ ఢీకొన్న ఒక యువకుడిని తెచ్చారు. ఒక వైపు ఛాతీ కదలడం లేదు, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి, నాడి అందీ అందనట్టు ఉంది. నిర్ధారణ కోసం ఎక్స్‌రేకు పంపాము. స్ట్రెచర్ మీద, వరండా మధ్యలో, అతని గుండె ఆగిపోయింది. తరువాత వచ్చిన మా పెద్ద డాక్టరు గారు మమ్మల్ని తిట్టలేదు. ‘ఈ జబ్బుకు ఎక్స్‌రే ఉండకూడదు’ అని మాత్రం అన్నారు. అది టెన్షన్ న్యూమోథొరాక్స్. చిరిగిన ఊపిరితిత్తి నుంచి గాలి బయటకు వచ్చి, తిరిగి పోయే దారి లేక, ఊపిరి తీసినప్పుడల్లా ఒత్తిడి పెరుగుతుంది. ఊపిరితిత్తి నలిగిపోతుంది, గుండె అవతలికి నెట్టుకుపోతుంది, గుండెకు తిరిగి రావలసిన రక్తం ఆగిపోతుంది. దీన్ని కంటితో, చెవితో, వేలితో గుర్తించి అప్పటికప్పుడే గాలి తీసేయాలి. శ్వాసనాళం పక్కకు జరగడం చివర్లో కనిపించే లక్షణం కాబట్టి దాని కోసం ఎదురుచూడకూడదు. రక్తం బాగా పోయిన మనిషిలో మెడ నరాలు ఉబ్బవు కూడా.

మొన్న ఏడాది ఫిషింగ్ హార్బర్ నుంచి ఒక కలాసీని తెచ్చారు. బోటు మీద వల లాగుతుండగా ఇనుప తాడు తెగి ఛాతీకి కొట్టిందట. అతని మెడ కింద చర్మం మీద వేళ్లు ఆనిస్తే, మరమరాలు నలిగినట్టు చిటపటలాడింది. అది చర్మం కిందికి చేరిన గాలి. కుడి వైపు తట్టితే ఖాళీ డబ్బా శబ్దం వచ్చింది, స్టెతస్కోపులో ఊపిరి శబ్దం లేదు. సూది దించగానే గాలి బుస్సుమని బయటకు వచ్చింది. రెండు నిమిషాల్లో అతను తన పేరు చెప్పాడు. సూది కేవలం కాలవ్యవధి కొనుక్కోవడానికే. వెంటనే గొట్టం వేయాలి, మేము వేశాము.

ఆ సూది ఎక్కడ వేయాలన్న విషయంలో పాత పాఠమే గుర్తుపెట్టుకున్నవారు చాలామంది ఉన్నారు. మేము చదువుకున్నప్పుడు కంఠాస్థి మధ్య గీత కింద, రెండో పక్కటెముకల సందు అని నేర్పారు. అక్కడ కండరం మందంగా ఉన్నవారిలో సూది లోపలి దాకా చేరడం లేదని తేలింది. అందుకే గాయపడినవారి అత్యవసర వైద్యం మీద డాక్టర్లకు ఇచ్చే శిక్షణ పాఠం ఏటీఎల్‌ఎస్, 2018లో వచ్చిన పదో కూర్పులో, పెద్దవారికి నాలుగో లేదా ఐదో సందులో, చంక మధ్య గీతకు కొంచెం ముందుగా వేయాలని మార్చింది. పిల్లలకు పాత చోటే.

ఇంకొకటి కత్తిపోట్లలో చూస్తాము. గుండె చుట్టూ ఉన్న సంచిలోకి రక్తం చేరితే గుండె సాగడానికి చోటు ఉండదు. రక్తపోటు పడిపోవడం, మెడ నరాలు ఉబ్బడం, గుండె శబ్దాలు దూరం నుంచి వస్తున్నట్టు ఉండడం అని బెక్ అనే వైద్యుడు 1935లో వర్ణించిన మూడు లక్షణాలను పరీక్షల్లో అందరూ రాస్తారు. నిజంగా మూడూ ఒక్క రోగిలో కలిసి కనిపించడం అరుదు. ఇప్పుడు మంచం పక్కనే అల్ట్రాసౌండు పెట్టి, రెండు నిమిషాల్లో గుండె సంచినీ, ఛాతీ రెండు వైపులనూ, పొట్టనూ చూసేస్తాము. దీన్నే ఈ-ఫాస్ట్ అంటాము. ఊపిరితిత్తి పొర మెరుస్తూ అటూ ఇటూ జారుతుంటే ఆ చోట గాలి చేరలేదని అర్థం. పడుకున్న రోగిలో గాలిని పట్టుకోవడానికి ఎక్స్‌రే కంటే ఇది నమ్మదగినది.

రక్తం పోతున్నవారికి మూడు గంటల లోపు రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లం ఇవ్వడం మరచిపోకూడదు. 2010లో వెలువడిన క్రాష్-2 అధ్యయనంలో 20,211 మందిని పరిశీలించారు. మరణాలు 16 శాతం నుంచి 14.5 శాతానికి తగ్గాయి. చవకైన మందు, ప్రతి క్యాజువాల్టీలో ఉంటుంది. మూడు గంటలు దాటాక మొదలుపెడితే మాత్రం మేలు కంటే కీడే ఎక్కువ.

పాడేరు ఘాట్ 108
సోమవారం, రాత్రి 10:20

నేను అంబులెన్సులో ఈఎంటీగా, అంటే అత్యవసర వైద్య సహాయకుడిగా, పనిచేస్తున్నాను. ఏజెన్సీ నుంచి విశాఖలోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కు రోగిని దించాలంటే వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం, అందులో మొదటి భాగమంతా మలుపులే. అందుకే దారిలో ఏం చేయాలన్నదే మాకు ముఖ్యం.

ఛాతీలో కత్తి గానీ, ఇనుప ఊచ గానీ, వెదురు కొయ్య గానీ గుచ్చుకుని ఉంటే దయచేసి పీకకండి. అదే ఆ రంధ్రానికి బిరడాగా పనిచేస్తుంటుంది. చుట్టూ గుడ్డలు పెట్టి కదలకుండా కట్టి తీసుకురండి. గాయం నుంచి ఊపిరితో పాటు గాలి లోపలికి పీల్చుకుంటున్న శబ్దం వస్తే, శుభ్రమైన ప్లాస్టిక్ ముక్కను గాయం మీద పెట్టి మూడు వైపులే అతికించాలి. నాలుగో వైపు వదిలితే లోపలి గాలి బయటకు పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. నాలుగు వైపులా మూసేస్తే పైన డాక్టరు గారు రాసిన ఒత్తిడి మనమే తెచ్చిపెట్టినట్టవుతుంది. అలా మూసి తెచ్చినవారికి దారిలో ఆయాసం పెరిగితే ఆ పట్టీని వెంటనే ఒక పక్క లేపాలి.

పోలీసు కేసు అవుతుందన్న భయంతో రోడ్డు మీద పడినవారిని ముట్టుకోనివారిని ఇప్పటికీ చూస్తున్నాను. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఎ సెక్షను ప్రకారం, మంచి మనసుతో సాయం చేసినవారి మీద ఆ గాయాల విషయంలో కేసు ఉండదు. పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు.

పెందుర్తి అమ్మాయి
సోమవారం, రాత్రి 11:30

గొట్టం వేశారు. మత్తు సూది ఇచ్చారు, అయినా డాక్టరు గారు వేలు లోపల తిప్పినప్పుడు నాన్నగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. వెంటనే 700 మిల్లీలీటర్ల ముదురు ఎరుపు రక్తం సీసాలోకి వచ్చింది. అంత రక్తం చూసి మా అమ్మ కూలబడిపోయింది. ఆపరేషన్ అవసరమవుతుందా?

ఛాతీ శస్త్రవైద్యుడు
మంగళవారం, ఉదయం 6:10

ఆ 700 ఇప్పుడు కారినది కాదమ్మా, నాలుగు రోజులుగా లోపల నిలిచిపోయింది. ముదురు రంగే దానికి గుర్తు. అమ్మగారికి ఆ మాట చెప్పండి.

మేము ఆపరేషన్ గురించి ఆలోచించేది ఎంత వచ్చిందన్నదానితో పాటు ఎంత వేగంగా వస్తోందన్నదాన్ని బట్టి. గొట్టం వేయగానే ఒక్కసారిగా 1,500 మిల్లీలీటర్లు దాటినా, ఆ తరువాత గంటకు 200 చొప్పున రెండు నుంచి నాలుగు గంటల పాటు ఆగకుండా వచ్చినా, రక్తపోటు నిలబెట్టడానికి మళ్లీ మళ్లీ రక్తం ఎక్కించాల్సి వచ్చినా ఛాతీ తెరుస్తాము. అలాంటివారు తక్కువ. మొద్దు దెబ్బలు తగిలినవారిలో పదిమందికి ఒక్కరికి కూడా ఛాతీ తెరవాల్సిన అవసరం రాదు. కత్తిపోట్లు, తూటా గాయాల్లో కూడా 15 నుంచి 30 శాతం మందికే వస్తుంది. మిగతావారందరినీ ఒక గొట్టం, ఆక్సిజన్, నొప్పి మందు, దగ్గరుండి చూసుకోవడం గట్టెక్కిస్తాయి. ఇంత పెద్ద గాయానికి ఇంత చిన్న వైద్యమా అని చాలామంది అపనమ్మకంగా చూస్తారు, కానీ నా ఉద్యోగ జీవితంలో ఎక్కువమందిని ఇంటికి పంపింది ఈ గొట్టమే.

గుండెకు తగులుతుందా అని అడిగారు. గొట్టం వేసే చోటును అందుకోసమే గీతలు గీసినట్టు ఎంచుకుంటాము. ముందు రొమ్ము కండరం అంచు, వెనక వీపు కండరం అంచు, కింద చనుమొన ఎత్తులో గీత, పైన చంక. ఈ హద్దుల మధ్య ఉన్న చోటును సురక్షిత త్రికోణం అంటాము. అక్కడ కండరం పలచన, పెద్ద అవయవాలు దూరం. నరమూ రక్తనాళాలూ ప్రతి పక్కటెముక కింది అంచు వెంబడి నడుస్తాయి కాబట్టి, మేము ఎప్పుడూ కింది ఎముక పై అంచును ఆనుకునే లోపలికి వెళ్తాము. నాన్నగారికి నొప్పి కలిగించిన ఆ వేలు గురించి కూడా చెప్తాను. మొనదేలిన కడ్డీతో గుచ్చి గొట్టం తోయడం ఒకప్పుడు ఉండేది. ఇప్పుడు సందు తెరిచాక వేలు లోపలికి పెట్టి, ఊపిరితిత్తి అతుక్కుని ఉందా, డయాఫ్రమ్ చిరిగి జీర్ణాశయం పైకి వచ్చిందా అని తడిమి చూశాకే గొట్టం దించుతాము. ఎడమ వైపు బలమైన దెబ్బలో డయాఫ్రమ్ చిరగడం ఉంటుంది, ఆ వేలు పెట్టకుండా గుచ్చితే గొట్టం నేరుగా జీర్ణాశయంలోకి పోగలదు. మీ డాక్టరు గారు జాగ్రత్త తీసుకున్నారు కాబట్టే నాన్నగారికి ఆ క్షణం కష్టమైంది.

ఇక చూడవలసింది ఒక్కటే. లోపల గడ్డకట్టిన రక్తం గొట్టం ద్వారా రాదు. రెండు మూడు రోజుల తరువాత కూడా నీడ మిగిలి ఉంటే సీటీతో చూసి, మొదటి వారం లోపే చిన్న రంధ్రాల ద్వారా కెమెరాతో శుభ్రం చేయడం మేలు. నెలల తరబడి వదిలేస్తే అది చీము పడుతుంది, లేదా ఊపిరితిత్తి చుట్టూ గట్టి తొడుగులా బిగుసుకుంటుంది. ఆ స్థితిలో నా దగ్గరకు వచ్చిన తాటిచెట్టు మీద నుంచి పడిన ఒక గీత కార్మికుడికి ఆ తొడుగు ఒలవడానికి నాకు ఐదు గంటలు పట్టింది. మొదటి వారంలో వచ్చి ఉంటే ఒక గంట పని.

వార్డు సిస్టర్
మంగళవారం, ఉదయం 8:00

గొట్టం వేయడం డాక్టరు గారి పని, దాన్ని కాపాడడం మా పనీ, మీ పనీ. ఆ సీసా సంగతి తెలిస్తే మీకు భయం తగ్గుతుంది. గొట్టం కొస సీసాలోని నీటిలో రెండు సెంటీమీటర్లు మునిగి ఉంటుంది. లోపలి గాలి బుడగలుగా బయటకు వస్తుంది, నీరు అడ్డుగా ఉంటుంది కాబట్టి బయటి గాలి వెనక్కి పోలేదు. జర్మనీలో బ్యూలావ్ అనే వైద్యుడు 1875లో చేసిన ఏర్పాటు ఇది. ఇప్పుడు గాజు సీసా పోయి ప్లాస్టిక్‌ది వచ్చింది, సూత్రం మారలేదు.

ఊపిరి తీసినప్పుడల్లా గొట్టంలో నీటి మట్టం పైకీ కిందికీ ఆడుతుండాలి. ఆడుతుంటే గొట్టం తెరిచి ఉన్నట్టు. ఉన్నట్టుండి ఆగిపోతే ఎక్కడైనా మడత పడిందా, నాన్నగారు దాని మీద పడుకున్నారా చూసి, వెంటనే మమ్మల్ని పిలవండి. సీసాను ఎప్పుడూ ఛాతీ కంటే కిందే ఉంచండి. స్కానింగుకు తీసుకెళ్లేటప్పుడు వార్డుబాయ్ దాన్ని రోగి కాళ్ల మధ్య పరుపు మీద పెట్టబోతే ఒప్పుకోవద్దు. సీసాలోని నీరు లోపలికి పోతుంది. గొట్టం బుడగలు వదులుతుండగా దాన్ని నొక్కి మూసే క్లాంపు పెట్టడం అంతకన్నా ప్రమాదం. సీసా బోర్లా పడితే నిలబెట్టి, పెద్ద ఊపిరి తీసి దగ్గమని చెప్పండి. గంట గంటకూ సీసా మీద అంటించిన పట్టీ మీద మట్టం గీసి, సమయం రాస్తాము. నిన్న రాత్రి గీతకూ ఈ ఉదయపు గీతకూ మధ్య ఎంత దూరముందో చూడండి. అది తగ్గుతూ వస్తే చాలు.

విశ్రాంత ఉపాధ్యాయుడు
మంగళవారం, ఉదయం 10:45

వైద్యుల మాటను కాదనే అర్హత నాకు లేదు. అయితే ఒక సందేహం. 1984లో నేను భీమిలి దగ్గర బస్సు మెట్టు మీద నుంచి పడి రెండు పక్కటెముకలు విరగ్గొట్టుకున్నాను. అప్పటి డాక్టరు గారు ఛాతీ సగం చుట్టూ ప్లాస్టరు పట్టీలు బిగించి అతికించారు, మూడు వారాల్లో తగ్గిపోయింది. ఈ అమ్మాయి నాన్నగారికి బెల్టు కట్టడాన్ని ఎవరూ మెచ్చుకోలేదని అనిపిస్తోంది. విరిగిన ఎముకను కదలకుండా కట్టడమే కదా వైద్యశాస్త్రపు మూలసూత్రం?

ఊపిరి వ్యాయామం
మంగళవారం, మధ్యాహ్నం 1:20

మాస్టారూ, మీ అనుభవం నిజమే, ఆ రోజుల్లో అందరూ అలాగే చేసేవారు. చేతికీ కాలికీ మీరు చెప్పిన సూత్రమే వర్తిస్తుంది. పక్కటెముకల పని కదలడమే కాబట్టి ఇక్కడ వర్తించదు. మీకు అప్పుడు వయసు తక్కువ, విరిగినవి రెండే, ఊపిరితిత్తి బలంగా ఉంది. కట్టు కట్టినందువల్ల కాదు, కట్టు కట్టినా తగ్గింది.

బెల్టు బిగిస్తే నొప్పి కొంత ఆగుతుంది, కానీ దాని కింద ఊపిరితిత్తి అడుగు భాగం విప్పారదు. విప్పారని చోట కఫం నిలుస్తుంది. నిలిచిన కఫంలో మూడో రోజుకు నిమ్ము చేరుతుంది. ఈ అమ్మాయి రాసిన మొదటి సందేశంలో నన్ను కదిలించింది ఆ పళ్లు బిగించిన దగ్గు. ఆయన నొప్పికి భయపడి దగ్గును మింగారు, ఇంట్లోవారు అది మంచిదనుకున్నారు. ఛాతీ దెబ్బ తిన్న పెద్దవారిలో ప్రాణం తీసేది చాలాసార్లు దెబ్బ కాదు, ఆ మింగిన దగ్గు.

దిండును డొక్కకు అదుముకోవడం మాత్రం మంచి పనే. అలా అదుముకుని దగ్గాలి, దగ్గు ఆపుకోవడానికి కాదు. నొప్పి మందు పడిన అరగంటకు కూర్చోబెట్టి, పది నిదానమైన లోతు ఊపిరులు తీయించి, దిండు పట్టుకుని రెండుసార్లు గట్టిగా దగ్గమనండి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి చేయించాలి. ఊపిరి పీల్చి బంతులు లేపే మూడు బంతుల పరికరం ఇస్తారు. మూడు బంతులూ ఒక్కసారిగా ఎగరడం కంటే, ఒక బంతి నిదానంగా లేచి మూడు సెకన్లు పైనే నిలవడం మేలు. మంచం దిగి కుర్చీలోకి, కుర్చీలోంచి వరండాలోకి, సీసా చేత్తో పట్టుకుని నడిపించండి.

మత్తు వైద్యురాలు
మంగళవారం, సాయంత్రం 5:50

ఫిజియోథెరపిస్టు గారు రాసిన వ్యాయామం జరగాలంటే నొప్పి తగ్గాలి. ‘ఎక్కువ మందులు ఇస్తే అలవాటు పడతారేమో’ అనే భయంతో పెద్దవారికి సగం మోతాదు ఇచ్చి వదిలేయడం నేను తరచుగా చూస్తున్నాను. 2000లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో, 65 దాటినవారిలో విరిగిన ఒక్కొక్క పక్కటెముకకూ మరణపు అవకాశం 19 శాతం, నిమోనియా అవకాశం 27 శాతం పెరుగుతూ పోయాయని తేలింది. 66 ఏళ్లు, నాలుగు ఎముకలు అంటే తేలికగా తీసుకోదగిన మనిషి కాదు.

పారాసెటమాల్ వేళ తప్పకుండా, నొప్పి వచ్చినా రాకపోయినా ఇవ్వాలి. మూత్రపిండాలు బాగున్నాయని రక్తపరీక్షలో తేలితేనే డైక్లోఫెనాక్ వంటివి. అది చాలకపోతే నరాలకు మందు అందించే బ్లాకు అడగండి. వీపు కండరం కింద, అల్ట్రాసౌండుతో చూస్తూ సన్నని గొట్టం పెట్టి మందు వదిలే ఎరెక్టర్ స్పైనే బ్లాకు 2016 నుంచి వాడుకలోకి వచ్చింది. వెన్నులోకి ఇచ్చే ఎపిడ్యూరల్ ఇంకా గట్టిది, కానీ రక్తం పలచబడే మందులు వాడేవారికి ప్రమాదం. బ్లాకు పడ్డాక రోగి ముఖం చూడాలి. అప్పటిదాకా బిగపట్టిన భుజాలు కిందికి దిగుతాయి, ఆయనకు తెలియకుండానే ఒక పెద్ద ఊపిరి తీస్తారు.

పెందుర్తి అమ్మాయి
శుక్రవారం, రాత్రి 8:30

ఆ బ్లాకు గురించి అడిగాను. మంగళవారం రాత్రే వేశారు. మీరు రాసినట్టే భుజాలు దిగాయి. బుధవారం ఆయన దగ్గి, చిక్కటి గోధుమరంగు కఫం ఉమ్మారు. మధ్యాహ్నానికి ఆక్సిజన్ తీసేసినా 96 ఉంది. సీసాలో నిన్నటి 24 గంటల్లో 90 మిల్లీలీటర్లే వచ్చింది, బుడగలు లేవు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి పూర్తిగా విప్పారిందని ఈ రోజు గొట్టం తీశారు. ఊపిరి బిగపట్టమని చెప్పి ఒక్క లాగులో తీసి, కుట్టు బిగించారు.

రెండు ప్రశ్నలు. రేపు ఇంటికి పంపుతామంటున్నారు, ఏం చూసుకోవాలి? వచ్చే వారం నాన్నగారు మా అన్నయ్య దగ్గరకు విమానంలో వెళ్లవలసి ఉంది, వెళ్లవచ్చా?

ఛాతీ శస్త్రవైద్యుడు
శుక్రవారం, రాత్రి 9:45

విమానం వచ్చే వారం వద్దు. పైకి వెళ్లినకొద్దీ గాలి వ్యాకోచిస్తుంది, లోపల చిన్న బుడగ మిగిలి ఉన్నా పెద్దదవుతుంది. దెబ్బ వల్ల గాలి చేరినవారిని, ఎక్స్‌రే పూర్తిగా శుభ్రమయ్యాక కనీసం రెండు వారాలు ఆగమంటాము. మీ నాన్నగారికి చేరింది ప్రధానంగా రక్తమే అయినా, గొట్టం తీసిన మనిషి కాబట్టి నేను అదే లెక్క పాటిస్తాను. అన్నయ్యగారినే ఇక్కడికి రమ్మనండి.

ఇంట్లో బెల్టు కట్టవద్దు. బంతుల పరికరం మూడు వారాలు వదలవద్దు. ఎముకలు అతకడానికి ఆరు వారాలు పడుతుంది, పక్కకు తిరిగి పడుకున్నప్పుడు నొప్పి అంతకన్నా ఎక్కువ రోజులు ఉండవచ్చు, దానికి కంగారు పడవద్దు. జ్వరం వచ్చినా, కఫం పచ్చబడినా, గొట్టం వేసిన చోట నుంచి చీము కారినా, ఆయన మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నట్టు మీకు మళ్లీ వినిపించినా, అది అర్ధరాత్రి అయినా సరే క్యాజువాల్టీకి తీసుకురండి. ఆ సోమవారం తెల్లవారుజామున వేలికి క్లిప్పు పెట్టకముందే మీ చెవి ఆ మార్పును పట్టుకుంది. కుట్టు పదో రోజున తీస్తారు, అదే రోజు నిలబెట్టి ఒక ఎక్స్‌రే తీయించి, ఆ పాత ఫిల్మును కూడా వెంట తీసుకెళ్లండి.